అనంతపురంలోని ఒక సైనిక శిక్షణ కేంద్రంలో మా తమ్ముడి ఏడు వారాలు

మా తమ్ముడికి పద్దెనిమిదేళ్లు. వాడికి ఆటిజం ఉందని తొమ్మిదో ఏట బెంగళూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో నిర్ధారించారు. మాట, చదువు రెండూ బాగానే వచ్చాయి గానీ ఎదుటివారు ఒకటి అని మరొకటి ఉద్దేశిస్తే వాడికి అందదు, ముందు చెప్పకుండా ఏదైనా మారిస్తే ఆ రోజంతా తేరుకోలేడు. ఇంటర్ పూర్తయిన నాటి నుంచి సైన్యంలో చేరతానని పట్టుబట్టాడు. గుంతకల్లులో మా వీధి నుంచే ముగ్గురు సైన్యానికి వెళ్లారు. వారిలో ఒకరు సెలవుపై వచ్చినప్పుడు దినచర్య గురించి చెప్పగా విని, "అక్కా, అక్కడ ఎప్పుడేం చేయాలో ముందే రాసి పెడతారంట" అన్నాడు. వాడికి అంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.

అందువల్ల గత వేసవిలో అనంతపురం శివార్లలో, బెంగళూరు రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో వాడిని చేర్పించాము. కేంద్రం పేరు ఇక్కడ రాయను. పన్నెండు వారాలకు వసతి, భోజనంతో కలిపి 24,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు, రశీదు ఇచ్చారు. చేర్పించిన రోజే ఆసుపత్రి కాగితాల ఫైలును నిర్వాహకుడి బల్లమీద పెట్టి, విషయం దాచకుండా చెప్పాను. ఆయన ఆ ఫైలు తెరవలేదు. "ఫిట్‌నెస్ ఉంటే చాలు మేడం, మిగతాది మేము చూసుకుంటాం" అన్నారు. ఆ "మిగతాది" ఏమిటని ఆ రోజే అడగకపోవడం నా తప్పు. గేటు ముందు పెద్ద అక్షరాలతో కట్టిన "ప్రభుత్వ ఉద్యోగం గ్యారంటీ" అన్న బ్యానరు చూసైనా నాకు అనుమానం రావలసింది. ఇప్పుడు సైన్యంలోకి జవాన్లను తీసుకునేది అగ్నివీర్ పథకం కిందే. అగ్నివీర్ అంటే నాలుగేళ్ల సర్వీసు, ఆ తరువాత ఒక్కో బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. మొదటి ఏడాది నెల జీతం 30,000 రూపాయల్లోనూ 30 శాతం, సర్వీసు ముగిశాక ఒకేసారి చేతికిచ్చే సేవానిధికి పోతుంది. ఈ సంగతి కేంద్రం గోడలమీద ఎక్కడా కనిపించదు.

ముందుగా బాగున్న వాటిని చెప్పడం న్యాయం. వాటిలో మొదటిది దినచర్య. తెల్లవారుజామున నాలుగున్నరకు విజిల్, ఐదుకల్లా గ్రౌండు, ఏడున్నరకు టిఫిను, తొమ్మిది నుంచి తరగతులు, సాయంత్రం మళ్లీ గ్రౌండు, రాత్రి తొమ్మిదిన్నరకు లైట్లు ఆర్పడం. ఇరవైమంది పడుకునే హాలులో ఎవరి మంచం, ఎవరి ట్రంకు పెట్టె, ఎవరి బకెట్టు ఎక్కడుండాలో గోడమీద సున్నంతో అంకెలు వేశారు. ఇంట్లో దుప్పటి మడత పెట్టించడానికి పదేళ్లు పోరాడిన మా అమ్మ, రెండో ఆదివారం వచ్చి పదకొండో నంబరు మంచం చూసి మాట రాక నిలబడిపోయింది. మెస్సులో వంట చేసే అవ్వ గురించి కూడా చెప్పాలి. జిగురుగా, మెత్తగా ఉండే కూరలు వాడి నోటికి పట్టవని మూడో రోజే ఆమె కనిపెట్టి, వంకాయ చేసిన రోజున రాగిసంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి విడిగా తీసిపెట్టేది. ఇది ఎవరూ అడగలేదు, ఎవరూ ఆమెకు అదనంగా ఇచ్చిందీ లేదు.

రెండవది, గ్రౌండులో శిక్షణ ఇచ్చే ఉస్తాద్. ఆయన సైన్యంలో హవల్దారుగా పదవీ విరమణ చేసినవారు. ఈ కేంద్రం గురించి నేను మంచిగా రాయగలిగినదానిలో సగానికి పైగా ఆయన పుణ్యమే. సైనిక నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పూర్తిగా 60 మార్కులు వస్తాయి. బీమ్ పట్టుకుని పది పుల్లప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గుంత దూకడంలోనూ, జిగ్‌జాగ్ దిమ్మెమీద నడవడంలోనూ నెగ్గితే చాలు, వాటికి మార్కులు లేవు. ఈ కేంద్రం అద్దెకు తీసుకున్న పొలంలో సున్నంతో వేసిన ట్రాకుమీద నాలుగు చుట్లు తిరిగితే 1,600 మీటర్లని అందరూ నమ్మారు. మూడో వారంలో పిల్లలను పట్టణంలోని స్టేడియానికి తీసుకువెళ్లి పరిగెత్తించినప్పుడు ప్రతివాడి సమయమూ ఇరవై సెకన్లకు పైగా పెరిగింది. తక్కినవారు ఎండ అనో, కొత్తచోటు అనో సరిపెట్టుకున్నారు. మా వాడు మాత్రం తిరిగి వచ్చాక తన అడుగులు లెక్కపెట్టుకుంటూ నాలుగు సార్లు చుట్టు నడిచి, "ఉస్తాద్, ఇది 400 కాదు" అని చెప్పాడు. ఇలాంటి మాటకు మరొకచోట ఏం జరిగేదో నేను ఊహించగలను. ఉస్తాద్ మాత్రం టేపు తెప్పించి, ఒక చివర వాడి చేతికిచ్చి, తానే వంగి కొలిచారు. చుట్టు 372 మీటర్లు వచ్చింది. అంటే నాలుగు చుట్లకు 112 మీటర్లు తక్కువ. ఐదున్నర నిమిషాల వేగంతో పరిగెత్తేవాడికి అది దాదాపు 23 సెకన్ల తేడా. ఆ కేంద్రంలో 5:20 అని మురిసిపోయిన పిల్లవాడికి ర్యాలీలో పూర్తి 60 మార్కులు దక్కేవి కావు. మరునాడు ఉదయానికి పాత గీత చెరిపి కొత్త గీత వేయించారు. ఆ కొత్త గీతమీద ఏడో వారానికి మా వాడి సమయం 5:38, పుల్లప్స్ తొమ్మిది. వచ్చిన రోజున ఆరు నిమిషాల యాభై సెకన్లకు రొప్పుతూ కూలబడి, బీమ్‌కు ఊరికే వేలాడినవాడే వీడు.

నేను భయపడిన కేకలు, తిట్లు వాడిని పెద్దగా బాధించలేదు. అందరినీ ఒకే విధంగా, ఒకే కారణానికి అరిస్తే అది వాడికి నియమంలాగే తోచింది. బాధించినది రెండు విషయాలు. ఒకటి రాత్రిపూట హాలులో సాగే ఎకసెక్కాలు. రెండవది చెప్పాపెట్టకుండా సమయాలు మార్చడం. ఒకనాడు గ్రౌండు గంటన్నర ఆలస్యమని వాట్సాప్‌లో పెట్టారు. తరగతి పిల్లల ఫోన్లు తామే తీసుకుని దాచి ఉంచుతారని పెట్టినవారికి గుర్తు లేదు కాబోలు. మిగిలినవారు ఒకరిని చూసి ఒకరు పడుకున్నారు, మా వాడు నాలుగున్నర నుంచి ఆరు దాకా చీకట్లో సున్నపు గీతమీద ఒంటరిగా నిలబడ్డాడు.

తరగతుల విషయం త్వరగా ముగిస్తాను. ర్యాలీకి ముందు జరిగే ఆన్‌లైన్ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. జనరల్ డ్యూటీకి, అంటే మామూలు జవాను పోస్టుకు, గంటలో 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. లెక్కలు చెప్పే మాస్టారు నిజంగా సమర్థుడు. జనరల్ నాలెడ్జ్ పేరిట మాత్రం బిట్లు చదివి వినిపించడమే జరిగింది. 800 రూపాయలకు అంటగట్టిన మెటీరియల్‌లో గరిష్ఠ వయసు 23 అని ఉంది. ఆ సడలింపు 2022లో ఒక్కసారికే ఇచ్చినది.

ఇక అసలు విషయం. ఇటీవలి ర్యాలీల్లో శరీర దారుఢ్య పరీక్ష నెగ్గినవారికి సైనిక జీవితానికి సర్దుకోగలరో లేదో చూసే పరీక్ష కూడా పెడుతున్నారు. దానికి సాధన పేరుతో కేంద్రం వారు తాము తయారు చేసుకున్న జిరాక్సు కాగితాలు పంచారు. "కొత్తవారితో కలిసిపోవడం నాకు చాలా ఇష్టం", "హఠాత్తుగా పని మారినా నాకు ఇబ్బంది ఉండదు" లాంటి వాక్యాలు నలభై దాకా ఉన్నాయి. ప్రతిదానికీ ఏ గడిలో టిక్కు పెట్టాలో వెనకవైపు జవాబులు అచ్చువేసి, వాటిని కంఠతా పట్టమన్నారు. మా వాడు ఆ కాగితాన్ని నిజాయితీగా నింపాడు. దిద్దిన ఆయన నలభైకి పదమూడు వేసి, "తప్పులన్నీ పదిసార్లు రాసుకురా" అన్నారు. ఆ ఆదివారం నాకు చూపించినప్పుడు వాడు ఏడవలేదు గానీ, ఎర్ర సిరాతో కొట్టేసిన ఒక్కొక్క గడిమీదా వేలు పెడుతూ, "ఇది నా గురించి అడిగిన ప్రశ్నే కదా అక్కా, నా జవాబు ఎట్ల తప్పయితది?" అని అడిగాడు. నేను పదేళ్లుగా బడిలో జవాబుపత్రాలు దిద్దుతున్న మనిషిని. నా దగ్గర జవాబు లేదు.

మరుసటి వారం నిర్వాహకుడిని కలిసి, వైద్య పరీక్షలో ఈ నిర్ధారణ గురించి అడిగితే ఏం చేయాలని సూటిగా అడిగాను. ఆయన తలుపు దగ్గరకు వేసి, "అదేం రాయకండి మేడం, చూస్తే తెలిసేదేమన్నా ఉందా? పాత ఫైలు ఇంట్లో పెట్టేయండి" అన్నారు. ఇది సలహా కాదు, ఒక పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని నేరంలోకి దించడం. 1950 నాటి సైనిక చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం, చేరేటప్పుడు ఫారంలోని ప్రశ్నకు తెలిసి తప్పు జవాబిచ్చినట్టు తరువాత బయటపడితే కోర్టు మార్షల్ అయిదేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, శిబిరంలో ఇబ్బంది ఎదురైనప్పుడు ఎందుకో ఎవరికీ చెప్పుకోలేని స్థితిలోకి వాడిని పంపినట్టవుతుంది.

నేను ఒప్పుకోకపోవడం చూసి ఆయన ఫోన్లో ఒక వీడియో తీసి, "ఇజ్రాయెల్‌లో ఇట్లాంటి పిల్లలనే తీసుకుంటారు, చూడండి" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. అక్కడ 2013 నుంచి నడుస్తున్న ఒక కార్యక్రమంలో ఆటిజం ఉన్న యువకులకు శిక్షణ ఇచ్చి, ఉపగ్రహ చిత్రాలను, ఆకాశం నుంచి తీసిన ఫొటోలను పరిశీలించే పనిలో పెడుతున్నారు. అయితే వారెవరూ దాచి చేరినవారు కాదు. తప్పనిసరి సేవ నుంచి మినహాయింపు ఉన్నా, స్వచ్ఛందంగా, తమ సంగతి చెప్పి చేరినవారు. వారికి సరిపడే పనిని, పద్ధతిని అక్కడివారు వెతికి అమర్చారు. ఆ వీడియో నిర్వాహకుడి వాదనకు సరిగ్గా వ్యతిరేకమైన సాక్ష్యమని ఆయనకు చెప్పి చూశాను. ఫీజు మాట ఎత్తేదాకా ఆయన ముఖంలో మార్పు లేదు.

మన దేశంలో పరిస్థితి ఏమిటో చేర్చుకునే ముందే చెప్పడం ఇలాంటి కేంద్రాల బాధ్యత అని నా అభిప్రాయం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ఆ చట్టం ప్రభుత్వోద్యోగాల్లో కల్పించిన 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజానికీ వాటా ఉంది. కానీ సైన్యంలో పోరాట విధులకు తీసుకునేటప్పుడు వైద్య ప్రమాణాలు శరీరాన్నే కాక మనసును కూడా చూస్తాయి, నిర్ధారణ కాగితం ఉన్నవారికి ఆ తలుపు దాదాపు మూసి ఉన్నట్టే. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల్లోని పోరాట సిబ్బంది పోస్టులకు కూడా 2021 ఆగస్టులో ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. రక్షణ శాఖ కింద ఉండే సివిలియన్ ఉద్యోగాలు, అంటే యూనిఫాం లేని గుమాస్తా, స్టోర్సు పనుల వంటివి వేరు. వాటిలో దివ్యాంగులకు కేటాయించిన పోస్టులకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ నాలుగు వాక్యాలు చేర్పించిన రోజున చెప్పి ఉంటే నేను 24,000 కట్టేదాన్ని కాదు, లేదా వ్యాయామానికని తెలిసే కట్టేదాన్ని. వాడి ఆరోగ్యం, నిద్ర, ఆకలి ఆ ఏడు వారాల్లో బాగుపడిన మాట వాస్తవం కనుక, రెండోదే చేసేదాన్నేమో.

నిర్ణయం మా వాడిదే. చట్టంలోని ఆ సెక్షన్ తెలుగులో చెప్పి, ఫారంలో ప్రశ్న వస్తే ఏం రాస్తావని అడిగాను. "ఉందని రాస్తా" అన్నాడు. రాస్తే తీసుకోకపోవచ్చు అన్నాను. చాలాసేపు బీమ్ పట్టి కాయలు కాసిన అరచేతులు చూసుకుంటూ కూర్చుని, పదకొండో నంబరు బకెట్టు ఎవరికి ఇస్తారని అడిగాడు. ఆ సాయంత్రం పెట్టె సర్దుకుని వచ్చేశాడు. అలా సర్దడం నేర్పింది కూడా ఆ కేంద్రమేనని ఒప్పుకోవాలి.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ కేంద్రానికే కాదు, కర్నూలులోనో కడపలోనో మరోదానికి వెళ్లినా, నిర్వాహకుడితో మాట్లాడే ముందు గ్రౌండులో శిక్షణ ఇచ్చేవారితో మాట్లాడండి. ట్రాకు కొలిచారా అని అడగండి, అవసరమైతే టేపు తీసుకువెళ్లండి. వైద్య పరీక్ష గురించి అడిగినప్పుడు ఫైలు తెరిచి చూస్తారో, తలుపు వేస్తారో గమనించండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రశీదు వెనక రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

ఉస్తాద్ ఆ తరువాత రెండుసార్లు ఫోన్ చేశారు. ఆదివారాలు స్టేడియంలో పరుగు పందేలకు గడియారం పట్టడానికి వాడిని పంపమన్నారు. "వీడైతే స్నేహితుడని సెకను తగ్గించడు" అన్నారు. వాడు వెళ్తున్నాడు, గుంతకల్లు నుంచి రైలు ఖర్చు ఆయనే ఇస్తున్నారు. మిగిలిన అయిదు వారాలకు 10,000 రూపాయలు రావాలని మా వాడు లెక్క కట్టి రాసిచ్చాడు. మెస్సు సామాను ముందే కొన్నామంటూ నిర్వాహకుడు 4,000 ఇస్తామని ఒప్పుకుని, వచ్చే నెల 15న రమ్మన్నారు. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఉదయం పది గంటలని రాసి ఉంది.