పడుకుని తొక్కే బండి: వైజాగ్ ఆటోనగర్ తయారీ రికంబెంట్ ట్రైక్ మీద నా మాట

ముందు బండి రూపం గురించే చెప్తాను. నేను పెట్టిన డబ్బులో సగం దానికే పోసినట్టు లెక్క. మిగతా సగం నా చెవి ఖాతాలో రాసుకోవాలి. లోపలి చెవిలో ఏదో తేడా చేసి తల తిరగడం మొదలైన దగ్గర్నుంచి రెండు చక్రాల సైకిలంటే భయం. ఆగి కాలు కింద పెట్టాలంటేనే టెన్షన్. మూడు చక్రాల బండికి ఆ గొడవ లేదు. ఆగినా దాని మానాన అది నిలబడుతుంది.

ఆటోనగర్‌లో బోర్డు కూడా లేని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డువాళ్లు ఆర్డరిస్తే చేసిపెట్టే ట్రైక్ ఇది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. సీటు నేలకు జానెడున్నర ఎత్తులో ఉంటుంది. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. పెడల్స్ సీటుకన్నా పైన ఉంటాయి. నాకు 68 వేలు అయింది. షెడ్డు పేరు అడక్కండి, కింద కొన్ని తిట్లున్నాయి.

నేను షిప్‌యార్డ్ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా, అంటే డ్రాయింగులకి నకళ్లు గీసే పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఓడ పొట్ట గీతలు గీసేటప్పుడు సన్నటి చెక్కబద్దని సీసపు దిమ్మలతో నొక్కిపెట్టి, ఒక కన్ను మూసి దాని వెంట చూసేవాళ్లం. వంపు ఎక్కడైనా తడబడితే ఇట్టే దొరికిపోయేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. షెడ్డులో శాంపిల్ బండి చూపించగానే మోకాళ్ల మీద కూర్చుని అదే పని చేశాను. మా ఆయన తనకేం సంబంధం లేనట్టు బయటికెళ్లి టీ తాగొచ్చారు.

శాంపిల్ బండి చదరపు పైపుతో చేసింది, గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే రకం. పెడల్స్ దగ్గర్నుంచి సీటు కిందకి ఒక ముక్క, అక్కడ అతుకు, మళ్లీ వెనక చక్రానికి ఇంకో ముక్క. బలానికి లోటు లేదు. కానీ కన్ను ఆ అతుకు దగ్గర ఆగిపోతుంది. గుండ్రటి పైపుతో, అతుకు లేకుండా వంచి చేయమన్నాను. "చదరమైతే కొయ్యడం సులువమ్మా, రౌండు పైపుకి అంచులు కుదర్చాలంటే రోజంతా పట్టేస్తది" అని మేస్త్రీ గొణిగాడు. ఎక్స్‌ట్రా ఇస్తానన్నాక ఒప్పుకుని, వెనక సందులో సైలెన్సర్ గొట్టాలు వంచే వాళ్ల దగ్గర వంపించుకొచ్చాడు.

ఆ వంపే ఈ బండికి ప్రాణం. పెడల్స్ దగ్గర మొదలైన పైపు తొడల కింద మెల్లగా దిగి, సీటు దాటాక పైకి లేచి వెనక ఇరుసుని అందుకుంటుంది. పక్కనుంచి చూస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకే గీత. వేలితో తడిమితే వంపు లోపలివైపు సన్నటి ముడతలు తగులుతాయి. సైలెన్సర్‌కి అది చాలు, నాకు చాల్లేదు. అయితే రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనిపించవు కాబట్టి వదిలేశాను.

ఈ గీత కోసం ఇంత పట్టుపట్టడం ఎందుకంటారా? మన ఊళ్లో మూడు చక్రాలతో నేలకు దగ్గరగా వెళ్లేది ఏదైనా కనిపిస్తే అందరికీ ముందు గుర్తొచ్చేది దివ్యాంగులు చేత్తో తిప్పే ట్రైసైకిల్. శాంపిల్ బండిని ఆటోనగర్ రోడ్డు మీద కాస్త తొక్కి చూసినప్పుడు ఒకాయన పరుగున వచ్చి, "అమ్మా, నేను తోస్తానుండండి" అన్నాడు. మంచి మనిషే. కానీ ఆ జాలి నాకు అక్కర్లేదు, ఆ ట్రైసైకిల్ తొక్కేవాళ్లకీ అక్కర్లేదు. గుండ్రటి పైపు బండి వచ్చాక ఒక్కరూ తోస్తామనలేదు. అందరూ "ఎంతయింది?" అనే అడుగుతున్నారు. మూడు చక్రాలూ అవే, కూర్చునే తీరూ అదే. మారింది గీత ఒక్కటే.

విదేశీ బండ్లని నేను ఫొటోల్లో, వీడియోల్లో తప్ప చూడలేదు. అయినా బొమ్మలు చదవడమే కదా నా వృత్తి. అమెరికాలో ఫ్లోరిడావాళ్ల క్యాట్రైక్ అల్యూమినియం బండి. చాలా మోడల్స్‌లో సీటు చట్రాన్ని అసలు ఫ్రేముకే వెల్డ్ చేసేస్తారు. అందుకే సీటు తెచ్చి తగిలించినట్టుండదు, ఫ్రేము నుంచే మొలిచినట్టుంటుంది. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ వాళ్ల ఐస్ ట్రైకులు ఉక్కు గొట్టాలవి. సీటు వేరుగా ఉంటుంది, ఫ్రేము మడతపడుతుంది. వాడకానికి అదే మేలు కావచ్చు గానీ, ఆ మడతబందు దగ్గర నా కన్ను కాస్త ఇబ్బంది పడుతుంది. జర్మనీ వాళ్ల స్కార్పియన్‌లో హ్యాండిల్ తుంటికి రెండు పక్కలా కిందనుంచి వస్తుంది. వీటన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం ఇంగ్లండ్ సైకిల్ డిజైనర్ మైక్ బరోస్ గీసిన విండ్‌చీటా. దాన్ని రెండు మోకాళ్ల మధ్య ఒకే ఒక్క కర్రతో తిప్పుతారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ బంగారు పతకం గెలిచిన లోటస్ సైకిల్ వెనక ఉన్న బుర్ర కూడా ఆయనదే.

ఒక్కో కంపెనీ బండి ఒక్కోలా ఉండటానికి ఒక పాత తగాదా కూడా కారణమని నా అనుమానం. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన పారిస్‌లో షార్ల్ మోషే చేసిన వాలు సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి రికార్డు బద్దలు కొట్టాడు. మరుసటి ఏడు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అసలు అలాంటి సైకిలే చెల్లదు పొమ్మంది. అలా రేసుల్లోంచి గెంటేశాక వీటికి రూల్సు పెట్టేవాళ్లే లేకపోయారు. మామూలు రేసు సైకిల్ ఇప్పటికీ ఆ పాత త్రికోణాల ఫ్రేము చుట్టూనే తిరుగుతోంది. ఇవి మాత్రం ఎవరి చేతికొచ్చినట్టు వాళ్లు గీసుకున్నవి. అందుకే వీటిలో అందమైనవి చాలా అందంగా ఉంటాయి, వికారమైనవి చూడలేం.

మళ్లీ నా బండి దగ్గరకొస్తాను. ముందు చక్రాలు రెండూ ఒకవైపు ఇరుసు మీదే నిలబడతాయి. బయటివైపు ఫోర్కు ఉండదు. అందువల్ల ఎదురుగా వచ్చేవాళ్లకి ముందు ఆ రెండు చక్రాలే, అడ్డేమీ లేకుండా కనిపిస్తాయి. ఎండలో చెట్ల ఆకుల నీడ రోడ్డు మీద కన్నా స్పోకుల మీదే బాగుంటుంది. మూడు చక్రాలూ 20 అంగుళాలవే. వెనక చక్రం 26 అయితే గీత ఇంకా ఠీవిగా లేచేది. కానీ పంక్చరయిన రోజు ఠీవి పనికిరాదు, 20 టైరు ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. 20 అని రాసి ఉన్నా రిమ్ములు 406, 451 మిల్లీమీటర్లని రెండు కొలతల్లో ఉంటాయి. టైరు పక్కన చూసి కొనండి. ఈ బండికి 406 కావాలి.

రంగు నేనే చెప్పాను, ఓడ అడుగున వేసే ఎర్రమట్టి రంగు, మెరుపు లేకుండా. షెడ్డు కుర్రాడికి అది బొత్తిగా నచ్చలేదు. "ప్రైమర్ కొట్టి వదిలేసినట్టుంటది మేడం" అని, నేను చూడకుండా ముందు పైపు మీద మంటల స్టిక్కర్లు అంటించేశాడు. పీకించాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

సీటుకి నైలాన్ నవారు. విదేశీ బండ్లకు మెష్ గుడ్డ వేసి వెనకనుంచి తాళ్లతో బిగిస్తారు. వీళ్లు మంచానికి అల్లినట్టు అడ్డంగా నిలువుగా అల్లేశారు. వైజాగ్ ఉక్కపోతకి ఇదే మంచిది, వీపుకి గాలి తగులుతుంది. తెలుపు, ముదురు నీలం గళ్లు వేయించాను. ఖాళీగా నిలబెట్టినప్పుడు బండికి అందం తెచ్చేది ఈ సీటే. లేవడం మాత్రం వేరే కథ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కొనే ముందు అంత కిందనుంచి ఓ పది సార్లు కూర్చుని లేచి చూడండి.

అందాన్ని పాడుచేసే మొదటి దొంగ గొలుసు. పెడల్ నుంచి వెనక చక్రం దాకా కొండవీటి చాంతాడంత ఉంటుంది. రెండున్నర మామూలు గొలుసులు కలిపితే గానీ సరిపోలేదు. బట్టలకి గ్రీజు అంటకుండా దాన్ని నల్ల ప్లాస్టిక్ గొట్టాల్లోంచి పోనిచ్చారు. మంచి ఆలోచనే, కానీ ఆ గొట్టాలు ఫ్రేము గీతతో కలవకుండా ఇష్టమొచ్చినట్టు వేలాడుతున్నాయి, పైగా గతుకుల్లో కటకటలాడతాయి. రెండో దొంగ బ్రేకు, గేరు కేబుళ్లు. వాటిని పైపు అడుగునుంచి తిప్పి క్లిప్పులతో కట్టమని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

ఇక తిట్లు. మిగతా ముక్కలు ఆ వంపు పైపుకి కలిసే చోట పైకి వెల్డింగ్ నున్నగా, అతుకే తెలియనట్టుంది. నాకు అక్కడే అనుమానమొచ్చింది. సీటు కింద రంగు కొద్దిగా గీకితే లోపల పుట్టీ! వెల్డు పూసలు ఎగుడుదిగుడుగా వస్తే గ్రైండర్ పట్టి, కారు డెంటింగ్‌కి వాడే పుట్టీ మెత్తి రంగు కొట్టేశారు. పైన పటారం, లోన లొటారం. పుట్టీ కింద పగులొచ్చినా కనపడదు, అదీ నా భయం. మొత్తం గీకించి, అరగదీసిన చోట్ల మళ్లీ వెల్డ్ చేయించి, పూసలు ఎలా ఉంటే అలాగే రంగు వేయించాను. ఇప్పుడు దగ్గరికొచ్చి చూస్తే అతుకు అతుకులా కనిపిస్తుంది, నాకదే బాగుంది.

ముందు చక్రాల అమరిక కూడా సరిగా లేదు. ఇరుసు ఎత్తులో రెండు రిమ్ముల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి టేపుతో కొలవండి. దాదాపు ఒకటే రావాలి. నా బండికి వేలెడు తేడా వచ్చింది. అలా వదిలేస్తే టైర్లు ఈడ్చుకుంటూ పోయి అరిగిపోతాయి. ఆ రెండు చక్రాలనీ కలిపే రాడ్డు తిప్పితే సరైపోయింది, అడిగితే పది నిమిషాల పని. పెడల్స్‌కి మడమ పట్టే పట్టీలు కూడా విడిగా వేయించుకోవాల్సి వచ్చింది. ఇది అలంకారం కాదు. వేగంలో కాలు జారి నేలకు తగిలితే బండి ఆ కాలిని తన కిందకే లాక్కుంటుంది. పట్టీలు లేకుండా ఎవరూ తొక్కకండి.

నేను చినవాల్తేరు నుంచి దిగి, పొద్దున్నే వాహనాలు ఆపేసే వేళకి బీచ్ రోడ్డు చేరతాను. అక్కడ ఈ బండి హాయి. వెనక్కి వాలి ఉంటాం కాబట్టి ఎదుట రోడ్డు కాదు, సముద్రం, ఆకాశం ఉంటాయి. మెడ ఎత్తక్కర్లేదు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఆపితే దానితో ఫొటోలకొచ్చినవాళ్లు ఫోన్లు ఇటు తిప్పుతారు. నల్లటి ఆ పెద్ద పొట్ట ముందు ఎర్రమట్టి రంగు భలే నిలుస్తుంది, స్టిక్కర్ల కుర్రాడికి ఆ ఫొటో పంపాను. చేపల గంపతో వెళ్తున్న ఒకామె ఆగి, "ఏటమ్మా, పడుకోని తొక్కేస్తన్నావేటి?" అంది. కూర్చోమంటే గంప దించి కూర్చుంది. నడుముకి బాగుందట, కానీ లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

ట్రాఫిక్ మొదలయ్యాక సంగతి వేరు. నా తల కారు డోరు ఎత్తులో ఉంటుంది. ఆటోవాళ్లు పక్కనుంచి చూస్తారు కాబట్టి ఫరవాలేదు, బస్సు డ్రైవరుకి మాత్రం నేను దగ్గర్లో ఉంటే అసలు కనపడను. అందుకని వెనక పొడుగాటి ఫైబర్ కర్రకి నారింజ జెండా కట్టాను. అంత శ్రమపడి సాధించిన గీత మీద ఆ కర్ర నిటారుగా నిలబడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా అది లేకుండా గేటు దాటను. ఉన్నా సరే, రద్దీగా ఉండే జగదాంబ సెంటర్ వైపు తీసుకెళ్లను.

ఆడవాళ్లకి ఒక మాట. ముందు చక్రాలు మోచేతుల పక్కనే తిరుగుతుంటాయి. చున్నీ వేసుకోవద్దు, చీరైతే అసలు కుదరదు. నేను పొట్టి కుర్తా, ప్యాంటుతో వెళ్తాను.

ఉప్పుగాలికి బోల్టుల తలల కింద అప్పుడే తుప్పు చుక్కలు మొదలయ్యాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి, ఖర్చు పెద్దగా పెరగదు. పైపు అన్నిటికన్నా కిందకి దిగిన చోట నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రం పెట్టించండి. బరువు 26 కిలోలు. విదేశీ అల్యూమినియంవి 15 నుంచి 18 మధ్యలో ఉంటాయి. చినవాల్తేరు ఎత్తు తిరిగి ఎక్కేటప్పుడు ఆ తేడా తొడలకి బాగా తెలుస్తుంది. పైపు రౌండుగా, అతుకు లేకుండా, పుట్టీ లేకుండా కావాలని ఆర్డరు కాగితం మీద రాయించుకుంటే నేను మళ్లీ ఇక్కడే చేయిస్తాను. డెలివరీ లేదు, ట్రాలీ ఆటో మనమే మాట్లాడుకోవాలి. వెడల్పు 82 సెంటీమీటర్లు వచ్చింది, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టలేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు మీ గేటు, మీ లిఫ్టు టేపుతో కొలుచుకోండి.