రాజీ పేరుతో నంబరు ప్లేటు: ఉత్తర ఐర్లండ్ నంబరు, ఇంగ్లండ్ కారు

ఉత్తర ఐర్లండ్ నంబరు కొని ఇంగ్లండ్‌లో తిరిగే కారుకు పెట్టుకోవచ్చా అని మా రెడింగ్ తెలుగువాళ్లలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మేం కొన్ని ఏళ్లుగా అలాంటి నంబరుతోనే తిరుగుతున్నాం, ఇప్పుడది మా రెండో కారు మీద ఉంది. మార్పించుకోవడం చాలా తేలిక. ఆ తర్వాత దానితో కాపురం చేయడానికే కాస్త ఓపిక కావాలి.

మా ఆవిడ పేరు రాజీ. ఇంగ్లండ్ పద్ధతి నంబర్లలో ఆ పేరు కుదరడం కష్టం. 2001 సెప్టెంబరు నుంచి ఇక్కడ రెండక్షరాలు, రెండంకెలు, మూడక్షరాలు అన్న వరస నడుస్తోంది. మధ్యలో అంకెలు కారు వయసు చెప్పేస్తాయి: 2024 మార్చి నుంచి రిజిస్టరైన కార్లకు 24, సెప్టెంబరు నుంచి 74. ఉత్తర ఐర్లండ్‌లో ఆ గొడవ లేదు. మూడక్షరాలు, వాటి వెనక నాలుగంకెల దాకా, అంతే. అక్షరాల్లో ఐ గానీ జెడ్ గానీ తప్పకుండా ఉంటుంది. చివరి రెండక్షరాలు ప్రాంతం చెబుతాయి: ఏజెడ్ అంటే బెల్‌ఫాస్ట్, జేఐ అంటే టిరోన్ కౌంటీ. ఆ జేఐకి ముందు ఆర్ చేరితే మాకు ‘రాజీ’ అయిపోయింది. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలన్నది మా అత్తగారు గుంటూరు నుంచి ఫోన్లో పెట్టిన షరతు. అదీ దొరికింది.

సంవత్సరం ఊసే లేకపోవడం ఈ నంబర్లకున్న పెద్ద సుఖం. ఉన్న వయసు కంటే కారు కొత్తదిలా కనిపించే నంబరు పెట్టడానికి ఇక్కడ రూలు ఒప్పుకోదు, కానీ వయసే చెప్పని నంబరు ఏ కారుకైనా పెట్టుకోవచ్చు. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న టొయోటా ఆరిస్. సంక్రాంతి ఫంక్షన్‌కి వెళ్తే ‘కొత్త కారా అండీ?’ అని అడిగినవాళ్లున్నారు. నేను ఔననలేదు, కాదనీ అనలేదు.

ఇక ధర. డీలర్ల దగ్గర పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు చాలాసార్లు పూర్తి రేటు కాదు. దాని మీద 20 శాతం వ్యాట్, ఆపైన ప్రభుత్వానికి పోయే 80 పౌండ్ల ఫీజు. చివరి పేజీ దాకా వెళ్లి మొత్తం ఎంతో చూశాకే బేరం ఆలోచించండి. మాకు అన్నీ కలిపి నాలుగు వందల పౌండ్ల లోపే అయింది. హైదరాబాద్‌లో 9999 కోసం లక్షలు పోసే వేలంపాటలు చూసినవాడిని కాబట్టి నాకిది చవకే అనిపించింది. పైగా అక్కడ లక్షలు పోసి కొన్న నంబరైనా, బండి ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. ఇక్కడ నంబరు వేరు, బండి వేరు. బెల్‌ఫాస్ట్ నుంచి బ్రిస్టల్ దాకా ఎక్కడి కారు మీదికైనా ఎక్కుతుంది.

2014 జూలై దాకా ఉత్తర ఐర్లండ్ బళ్ల రిజిస్ట్రేషన్ కోలరేన్‌లోని వేరే ఆఫీసు చూసేది. ఇప్పుడు రెండు ప్రాంతాలకూ స్వాన్సీలోని డీవీఎల్‌ఏ (బళ్లు, లైసెన్సులు చూసే ప్రభుత్వ ఆఫీసు) ఒక్కటే. అందువల్ల ప్రాంతం మార్పు అని విడిగా చేయాల్సిన పనేమీ లేదు. నంబరు కొంటే వీ750 అనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. అదివరకు ఇంకో కారు మీద ఉండి తీసిన నంబరైతే ఆ కాగితం పేరు వీ778. దాని మీది వివరాలూ, మన కారు లాగ్‌బుక్ (ఇక్కడి ఆర్సీ లాంటిది) మీదున్న పదకొండంకెల రిఫరెన్సూ ఆన్‌లైన్లో కొడితే పని అయిపోతుంది. కారుకు ట్యాక్స్ కట్టి ఉండాలి, లేదా రోడ్డెక్కించడం లేదని డిక్లరేషన్ ఇచ్చి ఉండాలి. కొత్త లాగ్‌బుక్ తర్వాత పోస్టులో వచ్చింది.

ఒక సంగతి మాత్రం ముందే తెలిసుండాలి. నంబరు కారుకు ఎక్కాక దాని మీద హక్కు డబ్బు కట్టినవారిది కాదు, లాగ్‌బుక్‌లో కీపర్‌గా, అంటే కారు బాధ్యత చూసేవారిగా, ఎవరి పేరుంటే వాళ్లది. మా కారు మా ఆవిడ పేరు మీద ఉంది. అంటే డబ్బు నాది, నంబరు ఆవిడది. మా ఇంట్లో ఇది వార్తేం కాదు గానీ, స్నేహితుడి కారుకో ఆఫీసు కారుకో పెట్టేవాళ్లు మాత్రం జాగ్రత్త. లీజు కారైతే కీపర్ సాధారణంగా లీజు కంపెనీయే, వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పందం లేకుండా దిగొద్దు.

ప్లేట్లు కొట్టించడానికి రిజిస్టరైన షాపుకే వెళ్లాలి. లైసెన్సూ, నంబరు కాగితమూ చూపిస్తేనే చేస్తారు. అక్షరం ఎత్తు 79 మిల్లీమీటర్లు, రెండక్షరాల మధ్య ఖాళీ 11, అక్షరాల గుంపుకూ అంకెల గుంపుకూ మధ్య 33. పేరు బాగా చదవబడాలని ఆ ఖాళీలు జరిపితే 1,000 పౌండ్ల దాకా జరిమానా, నంబరు వెనక్కి తీసుకునే ప్రమాదం కూడా. పూజ చేసిన రోజు పసుపు, కుంకుమ బొట్లు బానెట్ మీద పెట్టుకోండి, ప్లేటు మీద వద్దు. అక్షరం కనబడకపోతే జరిమానా అదే లెక్క.

ఇప్పుడు అసలు కాపురం. మనకు తెలియకుండానే ఎన్ని చోట్ల మన కారు నంబరు రాసిపెట్టి ఉంటుందో నంబరు మారిన వారంలో అర్థమవుతుంది. బీమా, బ్రేక్‌డౌన్ కవర్, పార్కింగ్ యాప్, డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ (థేమ్స్ నది దాటే టోల్ దారి) ఖాతా, లండన్ రోడ్డు చార్జీల ఆటోపే, ఆఫీసు గేటు, పిల్లల స్విమ్మింగ్ సెంటర్ పార్కింగ్. ప్రతిదీ ఒక్కొక్కటిగా మార్చాలి. మా బీమా కంపెనీ ఫోన్లో ‘మార్చేశాం’ అని చెప్పింది, చిన్న ఫీజూ పట్టింది. కానీ దేశమంతటి బీమా డేటాబేసులో మాత్రం పాత నంబరే కూర్చుంది. పోలీసు కెమెరాలు చూసేది ఆ డేటాబేసునే. మన బండి అందులో ఉందో లేదో ఆన్‌లైన్లో ఉచితంగా చూసుకోవచ్చు, నేనలా చూడబట్టే తెలిసింది. మళ్లీ ఫోన్లు, మళ్లీ హోల్డ్ మ్యూజిక్. అది సర్దుకునేదాకా కారు బయటికి తియ్యాలంటే టెన్షనే.

రెండో తలనొప్పి ఈ ఐ అక్షరం. ఇక్కడి ప్లేట్ల మీద ఐ, ఒకటి అంకె చూడటానికి అచ్చం ఒకటే. ఐ లేకుండా జెడ్ ఉన్న నంబర్లకు ఈ బాధ లేదు. ఒక రిటైల్ పార్కులో మెషీన్ దగ్గర నేను ఐ కొట్టి డబ్బు కట్టాను, వాళ్ల కెమెరా ఒకటిగా చదివింది. కట్టలేదని ఇంటికి నోటీసు వచ్చింది. రసీదు, ప్లేటు ఫొటో జతచేసి అప్పీలు చేస్తే కొట్టేశారు. అప్పటి నుంచి రసీదులు పారెయ్యడం మానేశాం. ఎయిర్‌పోర్టులో అమ్మానాన్నల్ని దింపి ఆన్‌లైన్లో డ్రాప్ చార్జీ కట్టేటప్పుడు కూడా మా ఆవిడ పక్కనుంచి ‘ఐ కొట్టావా, ఒకటి కొట్టావా?’ అని అడుగుతుంది. పేరుకు దగ్గరగా ఐతోనూ జెడ్‌తోనూ నంబర్లు దొరికితే కళ్లు మూసుకుని జెడ్ తీసుకోండి.

ఆరిస్ అమ్మేటప్పుడు నంబరు మేమే ఉంచుకున్నాం. ముందు 80 పౌండ్లు కట్టి కారు మీంచి నంబరు తీయించాలి, వీ778 వస్తుంది, దాన్ని కొత్త కారుకు ఎక్కించడానికి మళ్లీ ఫీజు లేదు. పాత కారుకు దాని పుట్టు నంబరు మామూలుగా తిరిగొచ్చేస్తుంది. కాబట్టి మొదటి రోజు ఊడదీసిన పాత ప్లేట్లను గ్యారేజీలో దాచిపెట్టండి, అమ్మే రోజున ఖర్చు తప్పుతుంది. ఇదంతా కారు చేతులు మారకముందే జరగాలి. నంబరుతో సహా ఇచ్చేస్తే నంబరు కూడా కొన్నవాళ్లదే.

పెట్టుబడిగా కొంటే లాభం వస్తుందని డీలర్లు చెప్పేది నేను నమ్మను. అందరికీ పనికొచ్చే పొట్టి నంబర్ల సంగతి వేరు. ఆర్‌జేఐ వెనక నాలుగంకెలుంటే రాజీలే కొనాలి, ఆ రాజీలకు ఆ అంకెలు నచ్చాలి.

మా కొలీగ్ ఒకాయన ఇలాంటి నంబరుతోనే ఉండేవాడు, ఈమధ్య డబ్లిన్‌కి మారాడు. అది వేరే దేశం, అక్కడి రిజిస్ట్రేషన్ వేరు, ఈ నంబరు అక్కడ చెల్లదు. కారు తరలించే ముందే నంబరు తీయించి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకున్నాడు. దాని గడువు పదేళ్లు. ఆలోపు రెన్యూ చేయించుకోకపోతే నంబరు మీద హక్కు పోతుంది.