ఉప్పుగాలికి లొంగని షెల్: నా పాత ఆక్రోలైట్ స్నేర్

మేముండేది వైజాగ్ లాసన్స్ బే కాలనీలో, బీచ్‌కి బాగా దగ్గర. కిటికీ ఊచల నుంచి సైకిల్ చెయిన్ దాకా మా ఇంట్లో తుప్పు పట్టని ఇనుప సామాను లేదు. అలాంటి ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటున్నా నా స్నేర్ (డ్రమ్‌సెట్‌లో అడుగున తీగలుండే చిన్న డ్రమ్) బూడిదరంగు షెల్ మీద, అంటే దాని గుండ్రటి లోహపు ఒంటి మీద, ఒక్క పొక్కు లేవలేదు. నేను ఈ డ్రమ్‌ని ఇంతగా ఇష్టపడటానికి కారణం అదే, సౌండ్ తర్వాత సంగతి.

అల్లిపురంలో ఒక పాత ఆర్కెస్ట్రా మాస్టారి దగ్గర కొన్నాను. కంపెనీ పేరూ సీరియల్ నంబరూ ఉండే బ్యాడ్జ్ ఎవరో ఎప్పుడో పీకేశారు, ఆయనేమో స్టీల్ అనుకుంటున్నారు. అయస్కాంతం పెడితే రిమ్ముకి (అంచు చుట్టూ ఉండే కమ్మీకి) టక్కున అంటుకుంది, షెల్‌కి అంటుకోలేదు. చేత్తో ఎత్తితే ఇత్తడి బరువు కూడా లేదు. షెల్ నడుమ చుట్టూ ఉబ్బెత్తు గీత, మెరుపు లేని బూడిదరంగు, బో టై ఆకారంలో ఎనిమిది లగ్గులు (బిగించే రాడ్లు దిగే దిమ్మలు). ఇవన్నీ కలిస్తే అమెరికా కంపెనీ లుడ్విగ్ చేసిన ఆక్రోలైట్ అనే అల్యూమినియం స్నేరే. అదే కంపెనీ ఇంకో స్నేర్ సుప్రాఫోనిక్ అయితే లగ్గులు పది, పైన క్రోమ్ మెరుపు ఉంటుంది. ఏ సంవత్సరందో మాత్రం తేల్చుకోలేదు. బ్యాడ్జ్ ఉన్నా వాళ్లు సీరియల్ నంబర్లు వరుసగా వేయలేదు కాబట్టి సుమారుగానే తెలిసేది.

సుప్రాఫోనిక్ కూడా అల్యూమినియమే, కానీ దాని మీద క్రోమ్ వేరే పొర. అల్యూమినియం మీద ఆ పొర సరిగా పట్టదు, చెమటా తేమా తగిలేకొద్దీ గుంటలు పడి పెచ్చులూడుతుంది. ఆక్రోలైట్‌ది యానోడైజింగ్, అంటే లోహం పైభాగాన్నే కరెంటుతో గట్టి ఆక్సైడ్‌గా మారుస్తారు, కాబట్టి ఊడిపోవడానికి విడిగా పొరంటూ లేదు. చింతపండు పెట్టి తోమమని ఇంట్లో సలహా ఇచ్చారు గానీ పులుపు తగిలితే ఆ పైభాగమే పాడవుతుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. రిమ్ముల మీద తుప్పుని మాత్రం వంటింటి ఫాయిల్ ముక్క తడిపి రుద్దితే చాలావరకు పోయింది.

కొన్న కొత్తలో ఎవరడిగినా వైజాగ్‌కి ఇంతకు మించిన స్నేర్ లేదని చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు షెల్ వరకే చెబుతాను. ఒక క్రిస్మస్‌కి చర్చిలో కేరల్స్ మధ్య కొట్టేకొద్దీ స్నేర్ శ్రుతి దిగిపోతోంది, పాటకీ పాటకీ మధ్య డ్రమ్ కీ పెట్టి తిప్పుతుంటే ఒక రాడ్ (రిమ్ముని లగ్గుకి బిగించే పొడవాటి బోల్టు) బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోంది. అసలే ఎనిమిది లగ్గులు, ఒకటి వదులైతే హెడ్, అంటే మనం కొట్టే పొర, ఆ పక్కన చచ్చుపడిపోతుంది. మిగతా ప్రోగ్రామ్ అంతా ఆ మూల తగలకుండా వాయించాను. ఇంటికొచ్చి విప్పితే రాడ్ పైభాగం తళతళలాడుతోంది, లగ్ లోపల కనబడని చోట మాత్రం రాడ్ థ్రెడ్ (మర) అంతా ఉప్పు తినేసింది.

పూర్ణా మార్కెట్‌లో వెతికితే ఐదు ఎమ్ఎమ్ బోల్టు వదులు, ఆరు ఎమ్ఎమ్ దూరదు. దీనిది 12-24 అనే అమెరికా థ్రెడ్, సుమారు ఐదున్నర ఎమ్ఎమ్. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి చూసి, "బాబూ, సిక్స్ ఎమ్ఎమ్ ట్యాప్ వేసేస్తాను, జన్మలో జారదు" అన్నాడు, అంటే లగ్ రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త మర కోయడం. మనిషి మంచి పనిమంతుడే, కానీ ఇన్నేళ్లు నిలిచిన లగ్‌ని కోయించడానికి నాకు మనసు ఒప్పలేదు. చివరికి చర్చి స్టోర్‌రూమ్‌లో మూలన పడేసిన చవక డ్రమ్‌సెట్ రాడ్ ఒకటి తీసి పెట్టి చూస్తే, సరిగ్గా అదే థ్రెడ్! లోపలికి జారుకుంటూ వెళ్లి బిగుసుకుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పట్నుంచి వర్షాకాలం ముందు రాడ్లన్నీ విప్పి కుట్టుమిషన్ నూనె రాసి పెడుతున్నాను. కింది స్నేర్ వైర్లు స్టీలువి, వాటికి తుప్పు తప్పదు, మార్చుకోవాల్సిందే.

నేను వాయించేది చర్చి హాల్లో, తక్కువ వాల్యూమ్‌లో. అక్కడ దీని పొడి శబ్దం పాటకి అడ్డురాదు. ఓపెన్ గ్రౌండ్‌లో పెద్ద బ్యాండ్‌తో వాయించేవాళ్లకి ఇది సరిపోతుందో లేదో ఒకసారి కొట్టి చూసుకునే కొనమంటాను. సముద్రం పక్కన ఉంటూ పాత మెటల్ స్నేర్ వెతుకుతున్నవాళ్లు మాత్రం డబ్బు ఇచ్చే ముందు ఒక్క రాడ్ అయినా పూర్తిగా విప్పించి చూడండి.