ఊరగడ్డా, పిల్లిపెసరా: చలికాలం గేదెకు ఏది మేలు?

సార్వా (తొలికారు వరి) మాసూళ్ళు అయ్యాక గోదావరి డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు. అయినా వట్టిపోయిన గేదె, ఎదిగే పడ్డ ఉత్త ఎండుగడ్డి మీదే ఉంటే సంక్రాంతి నాటికి ఎముకలు తేలతాయి. గడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. దాన్ని అరిగించే సూక్ష్మజీవులకు నత్రజని చాలక మేత పొట్టలోనే నిలవుండిపోతుంది, గేదె ఇంకో పరక ముట్టదు. ఆ నత్రజని యూరియాతో గడ్డిని ఊరబెట్టయినా ఇవ్వాలి, పప్పుజాతి పచ్చిమేత పిల్లిపెసర వేసయినా ఇవ్వాలి.

సగం సంగతి కాలవే తేల్చేస్తుంది. కాలవ నీళ్ళతో దాళ్వా (రెండోకారు వరి) ఊడ్చే చేలో పిల్లిపెసరకు చోటెక్కడిది? అక్కడ ఊరగడ్డే.

క్వింటా గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు. 45 కిలోల బస్తా 11 క్వింటాళ్ళకు వస్తుంది. పలుకు మిగలకుండా కరిగించాలి. కరగనిది ఒకేచోట గేదె నోట పడితే ప్రాణానికే ముప్పు. బరకం మీద జానెడు మందాన గడ్డి పరిచి, నీళ్ళు సమంగా చల్లి, తొక్కి, పైన మరో పొర వేయాలి. పని చెడేది ఎక్కువగా ఈ తొక్కుడులోనే. వదులుగా ఉన్నచోట గాలి చేరి బూజు పడుతుంది. పైన బరకం కప్పి అంచులు మట్టితో మెత్తితే 21 రోజులకు గడ్డి ముదురు పసుపు రంగుకి తిరిగి, కళ్ళు మండేంత ఘాటెక్కుతుంది. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. ఓ పక్కనుంచి ఆ రోజుకి సరిపడా తీసి, గంటసేపు ఆరనిచ్చి వేయాలి. మొదటి వారం మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

దాళ్వా లేని చేనయితే పిల్లిపెసరకే మా ఓటు. ఎకరానికి 10-12 కిలోల విత్తనం, కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలో చల్లితే ఆ పదునుకే మొలుస్తుంది. కోత మిషనుతో అయితే చక్రాల కింద మొలక నలుగుతుంది, మిషను వదిలిన గడ్డి కింద మిగతాది మగ్గిపోతుంది. గడ్డి తీసేశాక, పదును ఆరకముందే చల్లడం నయం. పూతకొచ్చాక కోసుకోవచ్చు. చిక్కల్లా ఉబ్బరంతో. మంచు తడి మీద ఖాళీ కడుపుతో విడిస్తే ఎడమ డొక్క డప్పులా బిగుస్తుంది. ముందు రెండు కిలోల ఎండుగడ్డి వేసి, ఎండెక్కాక విడవాలి.

పిల్లిపెసర చేతిలో ఉండగా గడ్డి ఊరబెట్టడం యూరియా దండగే.

తడిసి నల్లబడ్డ గడ్డి మాత్రం ఏ పద్ధతికీ పనికిరాదు. ఊరబెడితే బూజు విషం పోదు. అది తిన్న గేదెకు చలికాలంలో తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం నల్లబడి కుళ్ళతాయి, డెగ్నాల అంటారు. ఆ మోపు గెత్తం గుంటలో వేసేయండి.