రూట్లు వేసే ఏఐ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

డెలివరీ రూట్లు వేసే ఏఐ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు ముందే చెప్పేస్తాను: కొనొచ్చు. గోదాములో డిస్పాచ్, అంటే ఏ బండి ఏ దారిన వెళ్లాలో పంపించే పని, చూస్తూ ఏళ్ల తరబడి దీంతోనే పని చేస్తున్నాను. మళ్లీ చేత్తో రూట్లు వేయమంటే నా వల్ల కాదు. కానీ డెమోలో చూపించే మ్యాపునూ, రంగురంగుల గీతలనూ చూసి మార్కులు వేయకండి. దాని మాట కాదనాలంటే ఎంత తంటా పడాలి, కాదన్నాక ఏమవుతుంది అన్నది చూడండి.

బాగా చేసేది చెప్పుకోవాలి కదా. ఒక బండికి 20 స్టాపులుంటే వాటిని వరసపెట్టే పద్ధతులు 24 వేల కోట్ల కోట్లకు పైనే. పెట్రోలు బంకులకు ట్యాంకర్లు పంపే సమస్యగా డాంట్‌జిగ్, రామ్సర్ అనే ఇద్దరు పరిశోధకులు 1959లోనే దీన్ని లెక్కల్లో పెట్టారు. అన్నీ చూసుకుంటూ కూర్చోవడం కంప్యూటర్ వల్ల కూడా కాదు. పనికిరాని వరసల్ని వదిలేసుకుంటూ, చాలా మంచి వరస ఒకటి పట్టుకుంటుంది. బండి సామర్థ్యం, కస్టమర్ చెప్పిన టైం, డ్రైవర్ డ్యూటీ గంటలు అన్నీ కలిపి, నాకు పూట పట్టే పనిని నిమిషాల్లో తేలుస్తుంది. ఇందులో దానికి వంక పెట్టను.

ఇబ్బందల్లా సరుకు ఎక్కించాక మొదలవుతుంది. చివరి స్టాపు సరుకు లోపలికి, మొదటి స్టాపుది తలుపు దగ్గరికి సర్దుతారు. బండి కదిలాక ఎక్కడో ట్రాఫిక్ కనబడగానే సాఫ్ట్‌వేర్ తొమ్మిదో స్టాపును తెచ్చి నాలుగోదిగా పెడుతుంది. స్క్రీన్ మీద ఎనిమిది నిమిషాలు మిగులు. డ్రైవర్ మాత్రం లోపలెక్కడో ఉన్న ప్యాలెట్ కోసం ముందున్న పెట్టెలన్నీ దించి, మళ్లీ ఎక్కించాలి. ఆ టైం ఏ లెక్కలోనూ ఉండదు. దాని దృష్టిలో బండి అంటే ఇన్ని కిలోలు, ఇన్ని ఘనపు మీటర్లు, అంతే. ఏ పెట్టె దేని వెనక ఉందో దానికి తెలీదు. లోడింగ్ వరసను కూడా షరతుగా పెట్టే ఆప్షన్ మా సాఫ్ట్‌వేర్‌లో ఉంది, కానీ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున, అదీ ఆఫ్ చేసి. దాన్ని ఆన్ చేయించాక దారి మధ్యలో మార్పులు బాగా తగ్గాయి. వచ్చినా ముందు డిస్పాచ్‌కే వస్తాయి. డ్రైవర్‌కు ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది.

ఇక ఓవర్‌రైడ్, అంటే అది వేసిన రూటును మనం మార్చడం, సంగతి. రూటు మారిస్తే కారణం ఎంచుకోవడం తప్పనిసరి. మొదట్లో ఇచ్చిన లిస్టు పొడుగ్గా ఉండేది, మాకు కావాల్సినవే అందులో ఉండేవి కావు. ఆస్పత్రి లొకేషన్ ముందు గేటు మీద ఉంది, సరుకు తీసుకునేది వెనక గేటు దగ్గర. ఇది ఏ కారణం కిందకొస్తుంది? అందరూ ‘ఇతర’ నొక్కేసేవాళ్లు. నెలాఖరు రిపోర్టులో ఎక్కడ చూసినా ‘ఇతర’ కనబడేసరికి, డిస్పాచర్లు ఇష్టమొచ్చినట్టు మార్చేస్తున్నారని పైవాళ్లకు అనుమానం. పోట్లాడి ఆ లిస్టు మార్పించుకున్నాం: గేటు వేరు, బండి పట్టదు, ఆ టైంలో తీసుకునేవాళ్లుండరు, సరుకు లోపల ఇరుక్కుంది. ‘గేటు వేరు’ అని నొక్కితే ఆ లొకేషన్ సరిచేసే పని వెంటనే ఒకరికి వెళ్తుంది. అదే తప్పును వారం వారం దిద్దే బాధ తప్పింది. డ్రైవర్లకు తెలిసిన ఇలాంటివి యంత్రానికి నేర్పడం ఎంత ముఖ్యమో పెద్ద కంపెనీలకూ తెలుసు; 2021లో అమెజాన్, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ కలిసి దీని మీద పోటీయే పెట్టాయి.

‘మనిషి పర్యవేక్షణ ఉంది’ అని బ్రోషర్‌లో రాసుకుంటారు. మా దగ్గర అదెలా ఉండేదంటే, షిఫ్టు ముందు రూట్లన్నీ వరసగా వచ్చేవి, ఒక్కోదాని కింద ఆమోదం బటన్. అవతల లోడింగ్ వాళ్లు డాక్ దగ్గర నిలబడి ఉంటారు. ఆ హడావుడిలో ఎవరు చదువుతారు? నొక్కుకుంటూ పోవడమే. తేడా వస్తే మాటపడేది మాత్రం నొక్కినవాడే. ఇప్పుడు మామూలు రూట్లు వాటంతటవే వెళ్లిపోతాయి. కొత్త అడ్రసు, మందులు, చల్లగా ఉంచాల్సిన సరుకు, డ్యూటీ గంటలు అంచుకు వచ్చిన డ్రైవర్, వీటిలో ఏదుంటే ఆ రూటు మా దగ్గర ఆగుతుంది. వచ్చేవి తక్కువ కాబట్టి నిజంగానే చూస్తున్నాం. కొత్తగా చేరినవాళ్ల చేత మాత్రం అప్పుడప్పుడూ చేత్తో రూట్లు వేయిస్తాను. వాళ్లు గొణుక్కుంటారు, అయినా సరే. రూటు వేయడం రానివాడు రూటులో తప్పు ఎలా పడతాడు? యంత్రం ఎంత బాగా పనిచేస్తే మనిషికి మిగిలే పని అంత కష్టమవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే రాశారు.

నేను అస్సలు ఒప్పుకోనిది డ్రైవర్ స్కోరు. బండి ఆగి ఉంటే మార్కులు కోస్తుంది. గేటు తీయక ఆగాడా, ముసలాయనకు పెట్టె లోపల పెట్టిచ్చి వచ్చాడా దానికి అనవసరం. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన ఏఐ చట్టం, ఉద్యోగుల పనితీరును అంచనా వేసే సిస్టమ్స్‌ను హై రిస్క్ జాబితాలో చేర్చింది. వాటిని చూసే మనిషికి, ఫలితాన్ని పక్కన పెట్టే వీలుండాలంటుంది. మా దగ్గర డ్రైవర్ మాట వినకుండా ఆ స్కోరును ఏ నిర్ణయానికీ వాడం.

డిమాండ్ అంచనాలు ఫరవాలేదు, మామూలు రోజుల్లో. కస్టమర్లకు టైం మెసేజ్‌లు చక్కగా వెళ్తాయి. చాట్‌లో ప్రశ్నలడిగే సదుపాయం కొత్తగా ఇచ్చారు, రెండోసారి తెరవాలనిపించలేదు.

ట్రయల్ ఇస్తామంటే, మీ దగ్గర అన్నీ తలకిందులైన రోజు డేటా ఇచ్చి నడపమనండి. కొన్నాక, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మీరు పెట్టుకున్న సెట్టింగ్స్ అలాగే ఉన్నాయో లేదో చూసుకోండి. ఓసారి మావి పోయి, మందుల బండ్లు ఎవరూ చూడకుండానే వెళ్లిపోయాయి. అమ్మినవాళ్లను అడిగితే రిలీజ్ నోట్స్‌లో రాశామన్నారు. రాశారు, నిజమే. పదకొండో పేజీలో.