అమృత్ ఫ్యూజన్: రెండేళ్లు, మూడు సీసాలు

రెండేళ్ల కింద దసరాకు మా బావ హనుమకొండ వచ్చినప్పుడు బెంగళూరులో తయారయ్యే ఈ విస్కీ మొదటి సీసా తెరిచాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆయన అడిగిన మొదటి మాట: "పక్కింట్ల ఎవరన్న కట్టెల పొయ్యి ముట్టిచ్చిన్రా ఏంది బావా?" అమృత్ ఫ్యూజన్ పొగ సరిగ్గా అంతే ఉంటుంది. పక్కింటి పొయ్యి. మన కళ్లు మండవు, కానీ వంట అవుతోందని తెలుస్తుంది.

పొగ మాల్ట్, అంటే పొగ పట్టించిన బార్లీ మొలకలతో కాచిన విస్కీ, అంటే నాకూ మొదట భయమే. అంతకుముందు ఒక దోస్తు దుబాయ్ నుంచి వస్తూ స్కాట్లాండ్‌లోని ఐలా దీవి మాల్ట్ ఒకటి తెచ్చాడు. దెబ్బకు టింక్చర్ పూసి కట్టిన కట్టు గుర్తొచ్చింది. సగం గ్లాసు వాడికే ఇచ్చేశాను. ఫ్యూజన్‌లో ఆ ఆస్పత్రి వాసన లేదు. ఇందులో దాదాపు ముప్పావు వంతు పొగ పట్టని మన దేశపు బార్లీ, మిగతా పావు వంతే స్కాట్లాండ్ నుంచి వచ్చే పొగ పట్టిన బార్లీ. అక్కడి బురద నేలల్లో వేల ఏళ్లుగా చివికి పేరుకున్న నాచునీ గడ్డినీ పీట్ అంటారు. దాన్ని పిడకల్లా కోసి, ఎండబెట్టి, మొలకెత్తిన గింజల కింద మండిస్తారు. ఆ పొగ గింజకు పడితే సీసా దాకా వదలదు. రెండు రకాలనూ వేరుగా కాచి, పీపాల్లో వేరుగా ముదరనిచ్చి, ఆ తర్వాతే కలుపుతారట. పేరు అందుకే ఫ్యూజన్.

సీసా మీద వయసు, అంటే పీపాలో ఎన్నేళ్లు ఉందన్నది, వేయలేదని వైన్స్‌లో నా పక్కన నిలబడ్డ ఒకాయన పెదవి విరిచాడు. బెంగళూరు 3,000 అడుగుల ఎత్తున ఉన్నా, స్కాట్లాండ్ చలి ముందు అది ఎండే కదా. అక్కడ పీపాలోంచి ఏడాదికి నూటికి రెండు వంతుల దాకా ఆవిరైతే ఇక్కడ పది పన్నెండు పోతుంది. పన్నెండేళ్లు దాచితే చివరికి పీపాలో మిగిలేది పావు వంతు! ఆయనకు ఈ లెక్క చెప్పాను. విన్నాడు, వేరేది కొనుక్కుని వెళ్లాడు.

దిగుమతి పొగ మాల్టులతో పోలిస్తే ఇది చవకే. రోజూ తాగేవాళ్లకు మాత్రం చవక కాదు. నా లెక్క వేరే. 750 మిల్లీలీటర్లంటే చిన్న పెగ్గులు 25. శనివారం రెండు అనుకుంటే మూడు నెలలు. పైగా ఇందులో ఆల్కహాల్ 50 శాతం, మనకు అలవాటైన 42.8 కాదు. మూడో పెగ్గు అడగాలనిపించదు.

ఆ 50తోనే జాగ్రత్త. నేరుగా పోసుకుంటే మొదటి గుటక నాలుకను చురుక్కుమనిపిస్తుంది. ముక్కుకు ముందు తేనె, ఎండిన కమలా తొక్క తగులుతాయి. పొగ తర్వాత వస్తుంది. ఒక్క టీస్పూన్ నీళ్లు కలిపి ఐదు నిమిషాలు ఆగితే చాక్లెట్ లాంటి చేదు తీపి బయటికొస్తుంది. మింగాక గొంతులో నిప్పుల మీద కాల్చిన మక్కకంకి రుచి చాలాసేపు ఉంటుంది. నేను డబ్బులు పెట్టేది ఆ చివరి రుచికే. సోడా పోస్తే అది పోతుంది. ఐసు వేస్తే వాసనే రాదు. ఒకసారి నల్లా నీళ్లు పోసి క్లోరిన్ వాసనతో పెగ్గంతా పాడుచేసుకున్నాను.

నంజుకోడానికి కారం దట్టించిన కార్జం ఫ్రై పెట్టుకోవద్దు. కారం ముందు పొగ ఎక్కడిది? సంక్రాంతికి ఇంట్లో చేసిన సకినాలతో మాత్రం అనుకోకుండా బాగా కుదిరింది. నువ్వులూ పొగా ఒకే ఊరివిలా కలిసిపోయాయి. వాము మాత్రం కాస్త అడ్డం వచ్చింది.

రెండో సీసా దగ్గర తప్పు నాదే. ఫిబ్రవరిలో తెరిచి, సగం అయ్యాక బీరువా మీద పెట్టి మర్చిపోయాను. పైన రేకులు, కింద ఓరుగల్లు మే నెల. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు ముచ్చటపడి తీస్తే తేనె ఉంది, తొక్క ఉంది, పొయ్యి ఆరిపోయింది. సగం సీసా నిండా గాలి, దానికి తోడు ఆ వేడి. బావకు పోస్తే, "పక్కింటోళ్లు గ్యాసు తెచ్చుకున్నట్టున్నరు" అన్నాడు.

ఇప్పుడు మూడో సీసా సగానికి వచ్చింది. మిగిలింది దగ్గు మందు సీసాలంత చిన్న గాజు సీసాల్లోకి అంచుదాకా పోసి, మూత బిగించి, బియ్యం డబ్బా వెనక చీకట్లో పెట్టాను. అవి మందు సీసాలు కావని ఇంట్లో అందరికీ చెప్పి, మీద చీటీ కూడా అంటించాను.