జామెట్రీ బాక్సులో కట్టిన ఆంప్, కొన్న ఆంప్: నాలుగేళ్ళు విన్నాక

నేను ఇంట్లో కట్టుకున్న హెడ్‌ఫోన్ ఆంప్‌కీ (హెడ్‌ఫోన్‌కి వెళ్ళే శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్), ఆరు వేల చిల్లర పెట్టి కొన్నదానికీ 300 ఓమ్‌ల అడ్డు (ఇంపీడెన్స్) ఉన్న పెద్ద హెడ్‌ఫోన్ మీద తేడా నా చెవికి దొరకలేదు. చెవిలో దూర్చుకునే చిన్న ఇయర్‌ఫోన్స్ మీద మాత్రం తేడా వెంటనే తెలిసిపోయింది, అక్కడ కొన్నదే మేలు. ఫలానా చిప్పు పెడితే గొంతు తియ్యగా ఉంటుందని వాదించేవాళ్ళలో మొదటి ఏడాది నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ మాట అనను. వినబడే తేడాలో చిప్పు వాటా చాలా తక్కువ. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క), గ్రౌండు (సర్క్యూట్‌కి సున్నా వోల్టుల ఆధారం), బ్యాటరీ, వాల్యూమ్ కంట్రోల్, వీటి వాటాయే ఎక్కువ.

ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో, ఉద్యోగం గుంటూరులో. 1948లో విజయవాడ ఆకాశవాణి మొదలైన కాలం నుంచీ మా ఇంట్లో రేడియో మోగుతూనే ఉందని తాతయ్య చెప్పేవారు. నేను భక్తిరంజని వింటూ నిద్ర లేచిన పిల్లాణ్ణి. అందుకే ఇప్పటికీ నేను వినేదంతా పాత రికార్డింగులే. బాలమురళీకృష్ణ గారి కచేరీలు, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, షేక్ చినమౌలానా గారి నాదస్వరం. నా దగ్గరున్న కాపీలు చాలావరకు తక్కువ లెవెల్లో రికార్డయినవి. ఫోన్‌కి తగిలించే నా యూఎస్‌బీ-సీ డాంగిల్ మహా అయితే 1 వోల్టు ఇస్తుంది. ఆ 1 వోల్టుకి నా సెన్‌హైజర్ హెచ్‌డీ 600 మీద 97 డెసిబెల్స్ వస్తుంది, అదీ రికార్డింగు నిండుగా ఉంటేనే. పాత కచేరీ పెట్టి వాల్యూమ్ చివరిదాకా పెంచినా వీణ పక్క వీధిలో వాయిస్తున్నట్టు ఉండేది. ఆంప్ అవసరం అక్కడ పుట్టింది.

నేను కట్టింది సీమోయ్. చు మోయ్ అనే ఆయన 1990ల చివర్లో బయటపెట్టిన సర్క్యూట్ అది. అమెరికాలో దాన్ని ఆల్టాయిడ్స్ పిప్పరమెంట్ బిళ్ళల డబ్బాలో పెట్టి జేబులో వేసుకునేవాళ్ళు. ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఓపీఏ2134 చిప్పు, పిడికెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, అంతే. గవర్నర్‌పేటలో పార్టులమ్మే షాపులో వెరోబోర్డు (పార్టులు గుచ్చి సోల్డర్ చేసే చిల్లుల బోర్డు), చిప్పు గుచ్చే ఐసీ బేస్, వాల్యూమ్ కంట్రోల్, జాక్‌లు అన్నీ దొరికాయి. మొత్తం తొమ్మిది వందలు కాలేదు. పిప్పరమెంట్ డబ్బా మనకెక్కడిది, మా అమ్మాయి టెన్త్‌లో వాడి వదిలేసిన జామెట్రీ బాక్సు తీసుకున్నా. ఇనప రేకు కాబట్టి పక్కనే ఫోన్ పెట్టినా టకటకమనే రొద లోపలికి రాదు. అంతకుముందు సబ్బుపెట్టెలో కట్టి చూస్తే ఆ రొద భరించలేకపోయాను. రేకుకి బోర్డు తగిలి షార్ట్ కాకుండా అడుగున పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి పరిచా. మూతకి లోపలివైపు ఇంకా మా అమ్మాయి అంటించుకున్న ఎక్కాల కాగితం ఉంది. దాన్ని తియ్యలేదు.

మొదటి చిప్పుతో మొదటి రాత్రే చిక్కొచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్నది, పైన ఓపీఏ2134 అనే ఉంది, అచ్చు కూడా నీటుగానే ఉంది. హెడ్‌ఫోన్ పెట్టగానే గొంతు బొంగురుపోయినట్టు, ప్రతి అక్షరం చివర చిరిగినట్టు వినబడింది. సోల్డరింగ్ తప్పేమోనని రెండు గంటలు ప్రతి జాయింటూ మళ్ళీ కాల్చా. చివరికి మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్‌లో డీసీ (పాట లేకున్నా నిలకడగా ఉండే వోల్టేజీ, సున్నాకి దగ్గరగా ఉండాలి) చూస్తే 210 మిల్లీవోల్టులు. హెడ్‌ఫోన్ గుచ్చి బ్యాటరీ రెండు సగాలూ కొలిస్తే నాలుగున్నర, నాలుగున్నర ఉండాల్సింది ఒకవైపు ఏడున్నర, రెండోవైపు ఒకటిన్నర. అప్పుడు అర్థమైంది. ఓపీఏ2134లో ఎఫ్‌ఈటీ ఇన్‌పుట్ ఉంటుంది, అది ఇన్‌పుట్ నుంచి లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. మామూలు బైపోలార్ చిప్పు 200 నానోయాంప్‌ల దాకా లాగుతుంది. అది సర్క్యూట్‌లోని లక్ష ఓమ్‌ల రెసిస్టర్ గుండా పోతే 20 మిల్లీవోల్టులవుతుంది, గెయిన్ 11 కాబట్టి బయట 220. నా మీటర్ చూపించింది సరిగ్గా అదే లెక్క. పైన పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి.

షాపులో అసలుది కొని పెట్టా, డీసీ 3 మిల్లీవోల్టులకి దిగింది, గొంతు విచ్చుకుంది. ఇంట్లో కట్టిన ఆంప్ బాగా లేదని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే: అవుట్‌పుట్‌లో డీసీ కొలిచారా? హెడ్‌ఫోన్ గుచ్చకముందే కొలవాలి. వందల మిల్లీవోల్టుల డీసీ పెట్టుకుని వినడం హెడ్‌ఫోన్‌కీ మంచిది కాదు.

రెండో పాఠం గెయిన్. అసలు డిజైన్‌లో గెయిన్ 11 రెట్లు. నీరసంగా పలికే సోర్స్‌కి అది పనికొస్తుంది కానీ, డాంగిల్‌కీ ఇయర్‌ఫోన్స్‌కీ మధ్య పెడితే చాలా ఎక్కువ. రెండు ఇబ్బందులొచ్చాయి. ఒకటి, పాట ఆగినప్పుడు సుయ్‌మనే హిస్. తంబురా శ్రుతి మెల్లగా మొదలయ్యే చోట ఆ సుయ్ ముందొచ్చి కూర్చునేది. రెండు, వాల్యూమ్ నాబ్ పావు వంతు కూడా తిప్పకుండానే చెవులు అదిరేవి. చవక వాల్యూమ్ కంట్రోల్‌లో ఆ మొదటి పావులోనే కుడీ ఎడమా సమానంగా ఉండవు. బాలమురళి గారి గొంతు ఎడమ చెవి పక్కకి జరిగిపోయేది. గెయిన్‌ని నిర్ణయించే 1 కిలోఓమ్ రెసిస్టర్లు రెండూ పీకి 4.7 కిలోఓమ్‌లవి వేశా, గెయిన్ 3 రెట్ల చిల్లరకి వచ్చింది. నాబ్ సగం దాటాకే సరైన సౌండ్ వస్తోంది, గొంతు మధ్యలో నిలబడింది, హిస్ బాగా తగ్గింది. రెండు రూపాయల పని అది. చిప్పులు మార్చి మార్చి నేను పెట్టిన ఖర్చంతా దీని ముందు దండగే.

హిస్ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చిన్న ఇయర్‌ఫోన్స్‌తో అర్ధరాత్రి వింటే ఇప్పటికీ పల్చగా ఉంటుంది. కొన్న ఆంప్‌లో పాట ఆగితే ఆంప్ ఆన్‌లో ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. దానిలో గెయిన్ తగ్గించే స్విచ్ ఉంది, బోర్డు గీసినవాళ్ళు గ్రౌండు దారులు పద్ధతిగా వేశారు. వెరోబోర్డు మీద నేను లాగిన వైర్లకి ఆ పద్ధతి రాదు. ఈ ఒక్క విషయంలో కొన్నదానికి నిండు మార్కులు ఇస్తాను.

ఇక అసలు పోలిక. రెండిటినీ ఒకే లెవెల్లో పెట్టకుండా పోల్చడం శుద్ధ అనవసరం, ఎందుకంటే కాస్త పెద్దగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ గుచ్చి ఉండగానే మల్టీమీటర్ ఏసీలో కొలిచి రెండూ 300 మిల్లీవోల్టుల దగ్గర ఆపా. మామూలు మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఏసీ సరిగ్గా చూపించవు, అందుకే 100. మధ్యలో ఒక మార్పిడి స్విచ్. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటే, ఇంటర్ పుస్తకాలు పక్కన పెట్టి మా అమ్మాయి స్విచ్ వేసింది.

"నాన్నా, ఇప్పుడేది?"

"కొన్నది."

"రాసుకున్నా. ఇప్పుడు?"

ఇలా 20 సార్లు. హెచ్‌డీ 600తో సరిగ్గా చెప్పింది 11. అంటే బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు, మీటిన తర్వాత నాదం సన్నబడుతూ పోయే తీరు, నేను ప్రాణం పెట్టి వినేవి ఇవే. రెండిట్లోనూ అవి ఒకేలా ఉన్నాయి. అప్పటిదాకా నా జామెట్రీ బాక్సు శబ్దం వెచ్చగా ఉంటుందని నమ్మేవాణ్ణి, కట్టిన చేతి మీద ప్రేమ అలా వినిపించింది. ఇయర్‌ఫోన్స్‌తో 20కి 20 చెప్పా, పాట వినక్కర్లేదు, హిస్ వింటే చాలు.

ఈ పరీక్షలన్నీ చలికాలంలోనే చెయ్యగలిగా. విజయవాడలో మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం మనిషి వల్ల కాదు, ఫ్యాన్ తిరుగుతుంటే సన్నటి శబ్దాల పోలిక కుదరదు. ధనుర్మాసంలో తెల్లవారుజాము గుడి మైకులది. అందుకని రాత్రి పదకొండు దాటాక కూర్చునేవాళ్ళం.

బరువైన బేస్‌లో మాత్రం ఇంటి ఆంప్ ఓడింది, అదీ అన్ని హెడ్‌ఫోన్స్‌తో కాదు. మిత్రుడి దగ్గర 25 ఓమ్‌ల ప్లానార్ రకం (పల్చటి పొర మీద పరిచిన తీగలతో పలికే హెడ్‌ఫోన్) ఉంటే తెచ్చి చినమౌలానా గారి కచేరీ పెట్టా. నాదస్వరం బాగానే ఉంది, డోలు దెబ్బ పడ్డప్పుడల్లా పగిలింది. కారణం రెండు వైపులా ఉంది. ఆ చిప్పు ఇవ్వగలిగే కరెంటు 35, 40 మిల్లీయాంప్‌ల దగ్గర ఆగిపోతుంది. 300 ఓమ్‌లకి పది చాలు, 25 ఓమ్‌ల ప్లానార్‌కి గట్టి దెబ్బలకి అది సరిపోదు. పైగా ఒక్క బ్యాటరీని రెండు రెసిస్టర్లతో సగం చేసి మధ్యలో తయారుచేసిన గ్రౌండు అది, నిజం గ్రౌండు కాదు. దాన్ని పట్టి నిలబెట్టేవి రెండు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. 20 హెర్ట్జ్ దగ్గర ఆ రెండూ కలిసినా దాదాపు 18 ఓమ్‌ల అడ్డు ఉంటుంది. హెడ్‌ఫోనే 25 ఓమ్‌లైతే డోలు దెబ్బకి ఆ గ్రౌండు ఊగిపోతుంది, ఊగిన మేరకు శబ్దానికి జాగా తగ్గుతుంది. 1000 మైక్రోఫారడ్‌లవి వేస్తే కొంత సర్దుకుంది కానీ కరెంటు లోటు అలాగే ఉంది. కొన్న ఆంప్ అదే హెడ్‌ఫోన్‌ని అలవోకగా మోసింది. ప్లానార్ ఉన్నవాళ్ళు సీమోయ్ కట్టకండి.

రైల్లో అయితే ఈ గొడవేమీ లేదు. కృష్ణ మీద వంతెన ఎక్కినప్పటి నుంచి మంగళగిరి, నంబూరు, పెదకాకాని దాటి గుంటూరు వచ్చేదాకా పట్టాల మోత, చుట్టూ మాటలు. ఆ మోతలో ఏ ఆంప్ అయినా ఒకటే. ప్రయాణానికే కొనాలనుకుంటే డబ్బులు ఆంప్ మీద కాకుండా చెవికి సరిగ్గా బిగిసే ఇయర్‌ఫోన్స్ మీద పెట్టండి.

బ్యాటరీ గురించి చెప్పాలి, ఇంటి ఆంప్‌తో రోజూ కాపురం చేసేవాళ్ళకి పెద్ద బాధ అదే. నా డబ్బా 11 మిల్లీయాంప్‌ల దాకా తాగుతుంది. మంచి ఆల్కలైన్ 9 వోల్టులది 40 గంటల పైన వస్తుంది, ఎప్పుడూ అదే కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. నెలనెలా షాపుకి వెళ్తుంటే ఓనర్ గారు "మాస్టారూ, మళ్ళీ బ్యాటరీయేనా?" అని ముందే తీసి పెట్టేవారు. రీఛార్జబుల్ నికెల్ రకం 200 మిల్లీయాంప్-అవర్లది వాడితే పదిహేను, పద్దెనిమిది గంటలు. ఇప్పుడు అవే రెండు మార్చి మార్చి వాడుతున్నా. యూఎస్‌బీతో ఛార్జయ్యే లిథియం 9 వోల్టులవి కూడా కొని చూశా, వాటితో సన్నటి కీచుమనే శబ్దం మొదలైంది. లోపల చిన్న సెల్ వోల్టేజీని 9కి పెంచే సర్క్యూట్ ఉంటుంది, దాని స్విచింగ్ రొద పాటలోకి దిగుతుంది. వద్దనే చెప్తాను.

కొన్నదానికి ఆ బాధ లేదు. ఫోన్ ఛార్జరే, ఒకసారి నింపితే నాలుగైదు రోజుల ప్రయాణం. కానీ మూడో ఎండాకాలం సెల్ ఉబ్బింది. ఒకరోజు బ్యాగులోంచి తీస్తే వెనక రేకు గోరు పట్టేంత పైకి లేచి ఉంది. సర్వీసుకి తీసుకెళ్తే ఆ మోడల్ సెల్ రావట్లేదు, కొత్తది తీసుకోండి అన్నారు. శబ్దంలో ఏ లోపమూ లేని వస్తువు, ఒక్క సెల్ కోసం మూల పడింది. నాకు నిజంగా బాధేసింది. ఉబ్బిన సెల్‌ని నొక్కడం, మళ్ళీ ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం కాబట్టి దాన్ని అలాగే ఈ-వేస్ట్‌కి ఇచ్చేశా. జామెట్రీ బాక్సులో నాలుగేళ్ళలో పోయినవి ఒక జాక్, ఒక బ్యాటరీ క్లిప్పు. రెండూ పది నిమిషాల్లో మార్చా.

కొనాలా, కట్టాలా అని అడిగేవాళ్ళకి నా జవాబు చేతిలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. 32 ఓమ్‌ల మామూలు ఇయర్‌ఫోన్స్ అయితే రెండూ వద్దు, మంచి డాంగిల్ చాలు, అంతకన్నా శుభ్రమైన శబ్దం ఈ రెండిట్లో ఏదీ మీకివ్వదు. ప్లానార్ అయితే కొనండి, సెల్ మార్చుకోగలిగే మోడల్ అయితే మరీ మంచిది. 250, 300 ఓమ్‌లవి ఉండి, చేతికి సోల్డరింగ్ ఐరన్ అలవాటుంటే, గెయిన్ 3కి తగ్గించి నిస్సంకోచంగా కట్టుకోండి.

నేను ఇప్పుడు రెండోది కడుతున్నా. 2011లో ఒక ఇంజనీరు మారుపేరుతో బయటపెట్టిన ఆబ్జెక్టివ్ 2 చూశాక పుట్టిన ఆలోచన. అందులో రెండు 9 వోల్టుల బ్యాటరీలుంటాయి, కాబట్టి కృత్రిమ గ్రౌండుతో పనే లేదు, చివరన ఎక్కువ కరెంటు ఇచ్చే ఎన్‌జేఎం4556 చిప్పులు. బోర్డు పూర్తయింది, డీసీ 2 మిల్లీవోల్టులు చూపిస్తోంది. రెండు బ్యాటరీలూ పెడితే జామెట్రీ బాక్సు మూత బొటనవేలి మందం తెరుచుకునే ఉండిపోతోంది. ఈ ఆదివారం వన్‌టౌన్ వెళ్ళి ఇంకాస్త లోతున్న రేకు డబ్బా వెతకాలి.